పద్నాలుగో నంబరు కోటు

థండర్ బేలో, యూనివర్సిటీ లైబ్రరీ కింది అంతస్తులో,
జిరాక్స్ మెషీను దాటాక ఎడమచేతివైపు గది.
అందులో ఒక బీరువా. బీరువాలో ఇరవై రెండు కోట్లు.
వాటి కాపలా నాది.

ఇంటర్వ్యూకి పోయే పిల్లలకి మూడు రోజులు అరువిస్తాం.
డబ్బు కట్టక్కర్లేదు. సంతకం, ఫోన్ నంబరు చాలు.
అరువు సొమ్ము బరువుచేటంటారు గాని
ఆ సామెత కట్టినవాడికి
మైనస్ ముప్పైలో చొక్కా మీద చొక్కా తొడుక్కుని
మేనేజరు ఎదుట కూర్చునే అవసరం
పడి ఉండదు.

మా తాత ఫిన్లండ్ నుంచి వచ్చి ఇక్కడ చెట్లు కొట్టాడు.
ఆయన దరఖాస్తు రెండు అరచేతులు.
మేస్త్రీ వాటిని తిప్పి చూసి, కాయలు తడిమి
పనిలో పెట్టుకున్నాడట.
ఇప్పుడు చేతులెవరూ చూడరు.
ఒక్క పేజీ చూస్తారు. అదీ పైపైన.

మొన్న మంగళవారం డార్విన్ మీకిస్ వచ్చాడు.
జియాలజీ మూడో సంవత్సరం.
ఎండాకాలంలో విమానం తప్ప దారిలేని ఊరు.
టోపీ తియ్యలేదు. కుర్చీ అంచున కూర్చున్నాడు,
లేచిపోవడానికి వీలుగా.
పేజీ నా ముందుకి తోశాడు.
పేరు. చదువు. ఆ కింద "అనుభవం" అనే మాట.
దాని కింద మంచు కురిసినంత తెలుపు.

"ఏమీ లేదు," అన్నాడు.
ఈ మాట పదకొండేళ్ళుగా వింటున్నాను.
నమ్మడం మానేసి పదేళ్ళయింది.

"చలికాలం ఏం చేస్తావు?"
"ఏముంది, డీజిల్ లారీల ముందు నడుస్తాను."
"ఎక్కడ?"
"సరస్సు మీద. కన్నం పెట్టి మంచు మందం కొలవాలి.
నీలంగా ఉంటే సరే.
తెల్లగా ఉంటే దానికి రెట్టింపు ఉండాలి.
బూడిదరంగయితే బండి వెనక్కి."
"ఎన్నాళ్ళ నుంచి?"
"పదిహేనో ఏటి నుంచి. మామయ్య నేర్పాడు."
"ఎప్పుడైనా బండి మునిగిందా?"
అప్పుడు చూశాడు నా వైపు, మొదటిసారి.
"నేను ముందు నడిచినప్పుడు లేదు."

గబగబా రాసేశాను:
నాయకత్వం, రక్షణ బాధ్యతలు, జట్టు నిర్వహణ.
ఉద్యోగమిచ్చేవాళ్ళకి నచ్చే మాటలు నాకు కంఠతా.
అతను పెన్సిలందుకుని, మర్యాదగా,
ఒక్కొక్కటే కొట్టేశాడు.
"జట్టేం లేదు. నేను, మామయ్య, ఒక కుక్క."
పైన చిన్న అక్షరాలతో రాశాడు:
మంచు చదవగలను.

దాన్ని దిద్దాలా వద్దా అని
గడియారం వైపు చూస్తూ కూర్చున్నాను.
దిద్దలేదు.
తప్పు చేశానేమో. ఇప్పటికీ తెలీదు.

పద్నాలుగో నంబరు అతనికి సరిపోయింది.
ఎడమ మోచేతి దగ్గర కుట్టు ఉంది, దారం రంగు కలవలేదు,
చెయ్యి మడిస్తే కనపడదు.
లోపలి జేబులో ఎవరో వదిలేసిన కాగితం ముక్క:
"ఊపిరి తీసుకో."
ఎవరి రాతో నాకు తెలీదు.
ఇస్త్రీకి ఇచ్చేముందు తీసి దాచి,
వచ్చాక మళ్ళీ అదే జేబులో పెడతాను.
ఇది నా ఉద్యోగ బాధ్యతల్లో ఎక్కడా రాసిలేదు.

మూడోరోజు సాయంత్రం కోటు తిరిగొచ్చింది,
మడత నలగకుండా, కొంచెం పొగవాసనతో.
గని కంపెనీ వాళ్ళేమన్నారో నేనడగలేదు.
అతను చెప్పలేదు. టోపీ మాత్రం తీశాడు.

అతను వెళ్ళాక జేబు చూశాను.
కాగితం లేదు.
రిజిస్టరులో "అన్నీ ముట్టాయి" అని రాసి
సంతకం పెట్టాను.

రేపు తొమ్మిదిన్నరకి నర్సింగ్ అమ్మాయి ఓలెనా వస్తుంది.
భుజాలు చూస్తే ఆమెకీ పద్నాలుగే.
నోట్‌బుక్కులోంచి ఒక ముక్క చింపాను.
ఏం రాయాలో తోచలేదు.
ఖాళీగానే మడిచి,
అరిగిన పెన్సిలు ముక్కతో సహా
జేబులో పెట్టాను.