నాలుగో మేకు

తాళ్ళరేవులో నావ కడుతున్న చప్పుడు
మా బడి కిటికీలోంచి లోపలికొచ్చేది.
నేను నల్లబల్ల మీద యుద్ధాల తారీకులు రాస్తుంటే
అవతల పెమ్మాడి నూకయ్య
టేకు చెక్కలోకి మేకులు దించుతుండేవాడు.
ఇచి... ని... సన్...
అక్కడ నోరు ఆగేది, సుత్తి ఆగేది కాదు.
గో... రోకు...

అది నూకాలమ్మ మంత్రమనుకునేవాళ్ళు పిల్లలు.
మంత్రం చదివి కొట్టిన మేకు ఉప్పునీటికి తుప్పు పట్టదని
ఎవడో చెబితే
నేనూ కొన్నాళ్ళు నమ్మాను.

ఆ ఏడు తొమ్మిదో తరగతికి కొత్త పుస్తకం వచ్చింది.
అందులో యూరపులోని ఒక శిబిరం ఫోటో:
గుట్టగా పోసిన బూట్లు, చెప్పులు,
ఒక మూల పసిపిల్లవి, పట్టీ తెగినవి.
పుస్తకం చంకన పెట్టుకుని ఇంటికెళ్తూ
బీడీ నిప్పు కోసం నావ నీడలో ఆగాను.

నూకయ్య ఆ బొమ్మ చూశాడు,
చేతి మీద తారు ఆరిపోయేదాకా.
"ఎవుళ్ళు మేస్టారూ ఈళ్ళు?"
యూదులన్నాను. రైలు పెట్టెల్లో కుక్కి తీసుకెళ్ళారన్నాను.
చేతి మీద అంకెలు పచ్చబొట్టు పొడిచారన్నాను.
పాఠం చెప్పే గొంతుతోనే చెప్పాను,
అదే ఇప్పటికీ సిగ్గు.

"మాకు పొడవలేదండి. నోట్లో ఎట్టారు."
పసి చెప్పు మీద వేలు పెట్టి, కాసేపాగి,
"ఈళ్ళకి సెప్పులైనా మిగిలినియ్యి" అన్నాడు.

ఆ తర్వాత చెప్పింది వరసగా చెప్పలేదు.
ఆటుకీ పోటుకీ మధ్య పాయలో నీళ్ళలా
ముందుకొచ్చి, వెనక్కెళ్ళి.
కాకినాడలో ఓడెక్కడం. మలయాలో రబ్బరు పాలు.
తమ్ముడు సత్తెయ్యకి పదిహేనేళ్ళు.
జపానోళ్ళొచ్చి మూడు నెలల పనన్నారు, బియ్యమిస్తామన్నారు.
తలుపులేసిన పెట్టెల్లో అయిదు రోజులు.
అడవి. వాన. కొండ తొలిచి పట్టాలు.
తెల్లారకుండానే వరసలో నిలబడి
ఎవడి అంకె వాడు అరవాలి.
తడబడితే వెదురుకర్ర.
నూకయ్య మూడు. తమ్ముడు నాలుగు.

"కొట్టినోడు రేత్రిళ్ళు ఉత్తరం సదువుకుంటా ఏడిసేవోడండి.
పొద్దున్నే మళ్ళీ కొట్టేవోడు.
రెండూ నిజమేనండి."

కలరా వచ్చింది.
"ఊపిరున్నోళ్ళని కూడా గోతి కాడికి మొయ్యమన్నారు.
నేను కాళ్ళట్టుకున్నాను.
అన్నా, మంచినీళ్ళు, అన్నాడు.
గోదారొడ్డున పుట్టినోణ్ణండి నేను."

ఆపాడు. రేవులో ఎవరో బుంగ ముంచుతున్నారు.
ఆ బుడబుడ వినపడింది మా ఇద్దరికీ.

మర్నాడు నాలుగో చోట కొత్తవాడెవడో నిలబడి
గట్టిగా అరిచాడట. మంచి గొంతట.
"ఆ పూట సత్తెయ్య కూడు నేనే తిన్నాను.
ఇది మాత్రం రాయకండి."

తెల్ల సోల్జర్లకి అక్కడ పేర్లు చెక్కిన రాళ్ళున్నాయని
ఎక్కడో చదివి, తర్వాతెప్పుడో చెప్పాను.
మన కూలోళ్ళకి లేవా అని అడగలేదు.
చిత్రిక పట్టిన చెక్కను చెంపకి ఆనించి
నునుపు చూసుకున్నాడు.
కాకినాడకి బస్సులోనే వెళ్ళేవాడు చివరిదాకా.
ఎక్కడ పట్టాలు కనిపించినా
దాటే ముందు చెప్పులు విప్పి చేత పట్టుకునేవాడు.

అతను పోయి పదకొండేళ్ళు.
మాట తప్పి రాస్తున్నాను.
ఎందుకు రాస్తున్నానో నాకు సరిగ్గా తెలీదు,
పుస్తకంలో ఆ ఫోటో పక్కన ఖాళీ కనిపిస్తుంది, అంతే.

అతను కట్టిన నావలు
భైరవపాలెం మొగలో ఇంకా తిరుగుతున్నాయి.
మొన్న ఒకటి ఒడ్డుకి లాగితే వంగి చూశాను.
చెక్కల పొడుగునా వేలితో తడుముతూ వెళ్ళాను.
మూడు మేకులు సమంగా ఉన్నాయి.
నాలుగోది
చెక్కలోకి బాగా దిగిపోయి ఉంది,
వేలికి గుంట తగిలేంత.