కిటికీ మాత్రం మనతో వస్తుంది

ఇగ్లూలిక్ ఇంకా నలభై మైళ్లుందనగా
స్నోమొబైల్ బెల్టు తెగింది.
సిమియోని మామ తిట్టలేదు.
రేడియోలో రెండు ముక్కలు చెప్పి,
కారిబూ కొమ్ముతో చేసిన చువ్వ తీసుకుని
మంచును గుచ్చుకుంటూ నడిచాడు.

"ఇది రెండు గాలుల మంచు, పొరలుగా విడిపోతుంది.
ఇది నిన్నటిది, పిండి.
ఇదిగో, ఇది ఒకే తుఫాను ఒకే రాత్రి పరిచింది."
చువ్వ ఎక్కడా తడబడకుండా దిగింది.

నేను ఒట్టావాలో నాలుగేళ్లు ఇళ్లు గీసినదాన్ని.
వ్యాసం ఎంత, వాలు ఎన్ని డిగ్రీలు అని అడిగాను.
"పడుకో" అన్నాడు.
పడుకున్నాను.
తల దగ్గర ఒక గీత, కాళ్ల దగ్గర ఒక గీత గీసి
"నిద్రలో కాళ్లు ముడుచుకుంటావా?" అని అడిగి
రెండో గీతను జానెడు లోపలికి జరిపాడు.

కాళ్ల కిందినుంచే దిమ్మలు కోశాడు.
నేల దిగుతోంది, గోడ లేస్తోంది.
మొదటి వరుసను ఏటవాలుగా చెక్కేశాక
ఇక వరుసలు లేవు,
నత్తగుల్లలా ఒకటే మెలిక, పైపైకి.
దూలం లేదు, వాసం లేదు, మేకు లేదు.
పడబోతున్న దిమ్మ
పడబోతున్న ఇంకో దిమ్మను పట్టుకుని నిలబడింది.

నేను బయట సందుల్లో పొడిమంచు కూరుతున్నాను.
నడినెత్తిన ఆఖరి దిమ్మ కూర్చుంది.
మామ లోపలే చిక్కుకుపోయాడు.
కాసేపటికి నా బూటు పక్కన
కత్తి మొన పొడుచుకొచ్చింది.
వాకిలి అక్కడన్నమాట.

చలి నీళ్లలాంటిది, పల్లానికి పోతుంది.
అందుకే గడప కింద, పడక పైన.
పడక మీద విల్లో రెమ్మలు,
వాటి మీద తోళ్లు: ఒకటి వెంట్రుకలు కిందికి, ఒకటి పైకి.
స్టవ్ వెలిగిస్తే గోడలు చెమర్చాయి,
ఆర్పితే బిగుసుకున్నాయి.
కప్పులో పిడికిలంత కన్నం.
"రాత్రి ఎవరికి మెలకువ వచ్చినా ముందు అది చూడాలి."

అప్పుడు స్లెడ్జి మీది మూట విప్పాడు.
అక్టోబరులో మంచినీటి చెరువు నుంచి కోసిన
మంచుగడ్డ పలక.
లోపల మూడు బుడగలు, ఒక గడ్డిపోచ.
ఈ చలికాలం దానికిది ఏడో ఇల్లు.
దక్షిణపు గోడలో చదరంగా కోసి బిగించాడు.

రాత్రంతా గాలి ఇంటి చుట్టూ తిరిగింది.
గడ్డిపోచ వెనక చంద్రుడు.

పొద్దున్నే లుకాసీ కొత్త బెల్టు తెచ్చాడు.
మామ కిటికీ ఊడదీసి, తోలులో చుట్టి,
పసిబిడ్డను కట్టినట్టు స్లెడ్జికి కట్టాడు.
వెనక్కి తిరిగి చూస్తే
ఆ చదరపు కంతలోంచి గాలి దూరి
మా పడకల మీద పిండి చల్లుతోంది.

నా నోటుపుస్తకంలో, కొలతలు అన్నచోట,
ఒక్క మాటే రాసుంది:
కాళ్లు ముడుచుకుంటాను.