అక్కడ

భోలక్‌పూర్‌ల తోళ్ళ గోదాముల వాసన దాటినంక
రెండో గల్లీ, రేకుల కమ్యూనిటీ హాలు.
పదకొండు మందిమి.
అగర్‌బత్తీలు చుట్టేటోళ్ళు, అపార్ట్‌మెంట్లల్ల బోళ్ళు తోమేటోళ్ళు,
గాజులకు అద్దాలతికే నఫీసాబీ,
ఆమె వేళ్ళ కొసలకు మెరుపు ఎన్నడు పోదు.

ట్రైనింగు మేడం మొదటి రోజు పాఠం చెప్పలె.
చార్టు మీద ఆడమనిషి బొమ్మ గీసి
"పేర్లు చెప్పున్రి" అన్నది.
కన్ను, మోచెయ్యి, బొడ్డు,
బడిపిల్లల లెక్క ఒర్రినం.
స్కెచ్ పెన్ను ఇంకింత కిందికి దిగంగనే
ఫ్యాను చప్పుడు వినవడ్డది.

"అక్కడ" అన్నది సుగుణ, కొంగు నోట్ల పెట్టుకొని.
"వహాఁ" అన్నది నఫీసాబీ.
రెండు భాషలల్ల ఒకటే సిగ్గు.

ఈ షహర్ల అక్కడంటె ఎక్కడో మాకు బాగ ఎరికె.
అక్కడ, పాన్‌డబ్బా ఎనుక, నీలం గేటు.
అక్కడ, ట్రాన్స్‌ఫార్మర్ కాడికెల్లి ఎడమకు, మూడో మెట్లు.
పోస్టుమ్యాన్‌కు దొరకని ఇల్లు మేము చూపెడ్తం.
మా ఒంట్లె ఒక్క గల్లీకే
బోర్డు లేదు.

ఆరు రోజులు.
దోమ కుడితె రాదు. ఒక్క కంచంల తింటె రాదు.
అప్పడాల కర్రకు నిరోధ్ తొడిగినం,
కండ్లల్ల నీళ్ళొచ్చేదాంక నవ్వినం.
నవ్వుల నడుమ ఎవరో అడిగిన్రు,
"కర్ర ఊకుంటది మేడం.
తాగొచ్చినోనికి ఏం మాట చెప్పి తొడగాలె?"
మేడం జవాబు జెప్పలె, చానసేపు.
ఆమె మీద నాకు నమ్మకం కుదిరింది గప్పుడే.

ఆఖరి రోజు తలా ఒక నోటుబుక్కు ఇచ్చి
"పేర్లు రాయొద్దు, గీతలే గియ్యున్రి.
ఈ ఇంట్ల ఇన్నది ఆ ఇంటి గడప ఎక్కొద్దు" అన్నది.

మా ఆయన లారీ మీద నాందేడ్ పోయి తొమ్మిది రోజులాయె.
ఆయనకు చెప్పాల్సిన మాట
గ్యాసు బండకు చెప్పి చూస్తున్న,
ఒకపారి మెత్తగ, ఒకపారి గట్టిగ.
బండ ఇప్పటిదాంక ఎదురు తిరగలె.

పొద్దుగాల నాలుగింటికి నల్లా.
బిందెల లైన్ల కౌసల్య పక్కకొచ్చి నిలవడ్డది,
కొత్తగ కిరాయికొచ్చిన పిల్ల.
"అక్కా, ఒకటి అడుగుతా. నాకు... అక్కడ..."
బిందె నిండి పొర్లుతున్నది.
పొర్లనిచ్చిన.
నీళ్ళ చప్పుడు కంటె మెల్లగ
పేరు పెట్టి అడిగిన,
మంటనా, పుండా, ఎన్ని దినాలాయె.
పిల్ల నా మొకం దిక్కు చూసింది,
ఆ మాట నోట్లెకెల్లి వచ్చినా
మనిషి బతికే ఉన్నదేందని.

రేపు బస్తీ దవాఖానకు ఇద్దరం పోతం.
రక్తం ఇద్దరం ఇస్తం.

నోటుబుక్కుల ఒక్క గీత ఉన్నది.
అది ఎవరిదో చెప్ప.
గియ్యంగ చెయ్యి వణికింది, గంతే,
కొద్దిగ వంకర పోయింది.