తెల్లమచ్చ

ఇరవై సెంట్లన్నాడు షావుకారు.
ఇరవై సెంట్లంటే మాకు
ఇల్లేసుకుని, గేదెను కట్టుకుని,
ఇంకా నాలుగు బెండపాదులు పెట్టుకునే జాగా.
ఇక్కడ మాత్రం వేలి కొసన మెతుకులో సగం.

భీమవరం. మిట్టమధ్యాహ్నం. కరెంటు పోయి వచ్చిన కొట్టు.
నల్ల మఖమలు గుడ్డ మీద రెండు రాళ్ళు,
ఒకటే బరువు, ఒకటే ధర.
"రంగు కావాలో తేట కావాలో
తేల్చుకోండి పెద్దిరాజు గారూ,
ఈ డబ్బుకి రెండూ రావు,"
అన్నాడు కోటిలింగం గారు
సంబంధంలో లోపం చెప్పేటంత నెమ్మదిగా.

మొదటిది లోపలంతా కడిగినట్టుంది.
గీత లేదు, చుక్క లేదు.
తెల్లకాగితం మడతలో పెడితే మాత్రం
అడుగున కాస్త పసుపు,
వరద తీశాక కాలవలో మిగిలిన నీటి ఛాయ.

రెండోదానికి రంగే లేదు.
మాఘమాసం తెల్లారగట్ట
బోరింగు కొట్టగానే పడే మొదటి ధార.
భూతద్దం పెడితే
ఓ వారన, సూదిమొనంత
తెల్లటి మచ్చ.

మా ఆయన భూతద్దం దించేశాడు.
ఆ మొహం నాకు తెలుసు.
రెండేళ్ళ కిందట, పిల్ల వేసిన యాభై రెండో రోజు,
రొయ్య తల మీది డొప్ప ఊడదీసి
ఎండకి పట్టి చూసినప్పటి మొహం.
డొప్ప నిండా ఇవే చుక్కలు.
మూడో నాటికి చెరువంతా తేలిపోయింది,
కాకులు కూడా తిని తిని విసిగిపోయాయి.
ఆ ఏడే గొలుసు వెళ్ళింది, గాజులు వెళ్ళాయి,
ఆఖరికి మా అత్త పెట్టిన ముక్కుపుడకా వెళ్ళింది.
చిల్లు మిగిలింది.
పూడిపోకుండా చీపురుపుల్ల ముక్క గుచ్చి
ఇన్నాళ్ళూ కాపాడుకొచ్చాను.

"పసుపుదే ఇవ్వండి," అన్నాడాయన.
"బంగారంలో కూర్చుంటే కలిసిపోద్ది."
షావుకారు తలూపాడు. అబద్ధం కాదు.

నేను చెరువు గట్టు మీదికి వెళ్ళిపోయాను.
నలుపూ తెలుపూ పూసిన రేకుబిళ్ళని
తాడు కట్టి రోజూ నీళ్ళలోకి దింపేది నేనే.
మూరెడు లోతుకి అది మాయమవ్వాలి.
ఇంకా కిందికి కనబడిందా,
తేటనీళ్ళు. తేటంటే మాకు దరిద్రం,
తిండి లేదని, అడుగున నాచు పడుతుందని.
ముప్పై కౌంట్ తీసిన మొన్నటి పంటలో
మా నీళ్ళది పెసరచేను రంగు.
ఆ లెక్కన ఏ రాయి తీసుకోవాలి?
ఎంత ఆలోచించినా తెగలేదు.
రాయి చెరువు కాదు మరి.

రెండూ అరచేతిలో వేసుకుని గుమ్మం దాటాను.
కొట్టు కుర్రాడు వెనకే వచ్చాడు, పారిపోతాననుకున్నాడో ఏమో.
అరటిగెలల లారీ పక్కన, ఎండలో
పసుపు పసుపుగానే ఉంది.
మచ్చ ఎక్కడుందో నాకే దొరకలేదు.
భూతద్దం పట్టుకుని నా ముక్కు దాకా
ఎవరొస్తారు కనక!
వస్తే గిస్తే ఈయనొక్కడు,
ఈయనకి దగ్గర చూపు ఆనదు.

"ఇది," అన్నాను లోపలికొచ్చి.
"అది మచ్చదే."
"అంటుకోదు," అన్నాను.
"పక్క రాయికి పాకదు.
తెల్లారేసరికి రెండవదు."
ఆయన మళ్ళీ భూతద్దం తీసుకుని
కావలసినదానికంటే ఎక్కువసేపు చూశాడు.
కోటిలింగం గారు జేబులో ఉన్న పెన్ను కోసం
బల్లంతా వెతికాడు.

కొత్త పిల్ల వేసి ఇవాళ్టికి ముప్పై రోజులు.
రాత్రి పదకొండు.
ఏరియేటర్లు నీళ్ళని గిలక్కొడుతున్నాయి.
ట్రే ఎత్తి, చెయ్యి చాపి దూరంగా పట్టుకుని
ఒక్కో రొయ్యనీ టార్చి వేసి తిప్పి చూశాడు.
చూసి చూసి
టార్చి నా మొహం మీదికి తిప్పాడు.
నేను కళ్ళు మూసుకున్నాను.
చాలాసేపు ఏమీ అనలేదు.

"ట్రేలో మేత మిగిలింది," అన్నాడు చివరికి.
"రేపు రెండు కేజీలు తగ్గించు."