పన్నెండు లీటర్లు

చిత్తూరు బైపాసులో, జిలానీ షెడ్డు కాడ
బోల్టు వదులు చేస్తానే
నల్లటి తాడు మాదిరి దిగింది పాత నూనె,
తెగకుండా, చప్పుడు లేకుండా,
సగానికి కోసిన డబ్బాలోకి.

పక్కంగడి అరుగు మీద రెండు క్యాన్లు.
ఒకటి మామూలుది, మా నాయిన కాలం నుంచీ పోస్తా ఉండేది.
ఇంకోటి సింథటిక్. దాని మూత కూడా బంగారు రంగే.
ధర అడిగినా. మళ్లీ అడిగినా,
మొదటిసారి సరిగా వినలేదేమో అని.

"మామూలుదైతే పదివేల కిలోమీటర్లకే మార్చల్ల.
ఇది పోస్తే నలభై వేల దాకా తిరిగి చూడబళ్లే.
చలిలో కూడా ఒక్క సెల్ఫుకే అందుకుంటాదినా"
అన్నాడు అంగడి పిల్లోడు లోకనాథం.
చలి!
జూన్ ఎండలో చిత్తూరులో నిలబడి
చలి మాట ఎత్తినోడికి
ఒక టీ ఇప్పించాలనిపించింది.

అయినా మొగిలి ఘాటు గుర్తొచ్చింది.
పది టన్నుల తోతాపురి మోసుకొని
రెండో గేరులో మూలుగుతా ఎక్కేటప్పుడు
ముల్లు ఎర్రగీత మీదికి పోతా ఉంటే
కాలి కింద రేకు కాలతా ఉంటే
"ఇంకొక్క మలుపు తల్లీ" అని
స్టీరింగును బతిమాలుకున్న రాత్రులు.
ఆ రాత్రులు ఏ నూనె అడుగుతాయో
క్యాను మీద రాసుండదు.

ఇంట్లోనూ ఇదే తగువు.
గానుగలో ఆడించిన చెనిక్కాయ నూనె కావాలంటాది సెల్వి.
నేను పామాయిల్ ప్యాకెట్టు తెస్తా.
వంటింట్లో పాతది ప్రియం,
లారీలో కొత్తది ప్రియం.
ఏది మంచిదో ఇద్దరికీ తెలుసు,
తగువు దాని గురించి కాదు.

జిలానీ చేతులు తుడుచుకుంటా వచ్చినాడు.
"ఏడు లక్షలు తిరిగిన ఇంజను నీది.
సీళ్లు ముసలివైనాయి.
సన్నటి నూనె పోస్తే యాడో ఒక మూల ఏడస్తా ఉంటాది.
సీళ్లన్నీ మార్చి, అప్పుడు పొయ్యి, బ్రహ్మాండంగా ఉంటాది.
నష్టం నాకే.
ఏడాదికొకసారి వస్తావు, టీ కూడా తాగవు."

డీజిల్ బిల్లు వెనక లెక్కేసినా.
మూడుసార్లు కొట్టేసి, నాలుగోసారి తేలింది:
ఏడాది మీద చూస్తే కొత్తదే చవక.
కానీ ఏడాదిని ఒకేసారి కొనేంత డబ్బు
మా జేబుల్లోకి ఎప్పుడొచ్చింది?
గుజ్జు ఫ్యాక్టరీవోళ్లు
పోయినేడు బాడుగే ఇంకా ఇయ్యలేదు.
మేం దేన్నైనా ముక్కలు ముక్కలుగానే కొంటాం.
అందుకే మాకు అన్నీ ఎక్కువకే పడతాయి.

ఇంతలో గంగులప్ప వచ్చినాడు,
ఖాళీ సీసా పట్టుకొని, పాత నూనె కోసం.
కంచె గుంజలకు పూస్తాడంట, చెదలు పట్టకుండా.
"బాగా చెడిపోయిందే" అన్నా, వేలు ముంచి చూపిస్తా.
"చెడిపోలేదురా" అన్నాడు జిలానీ,
"నీ ఇంజను మసంతా తన మీదేసుకుంది, అంతే."
ఆ నల్ల వేలు
ప్యాంటుకు తుడుచుకోబోయి ఆగినా, ఎందుకో.

మామూలుదే పోయించినా.
పన్నెండు లీటర్లు, తేనె రంగులో,
కొత్తగా ఉన్నప్పుడు అదీ అందగత్తే.
పుల్ల తీసి చూస్తే రెండు గీతల నడుమ నిలబడింది.
షెడ్డు తలుపు మీద సుద్దతో కిలోమీటర్లు రాసినా.
దాని కిందనే
సీళ్ల సెట్టు ధర కూడా,
అడగకుండానే రాసినాడు జిలానీ.

ఆ రాత్రే మొగిలి ఎక్కినా.
ముల్లు ఎర్రగీత దాకా వచ్చింది, తాకలేదు.
సరైన నూనే పోసినానని చెప్పుకోవచ్చు.
కానీ ఘాటు పొడుగునా
వాన పడతా ఉండింది.