తొంభై ఎనిమిది దగ్గర

చిల్లకంప మొద్దు ఒక్కటి ఎక్కువ పడితే
బ్యారనీలో ఆకు పచ్చగానే బిగుసుకుపోతుందని
పదమూడో ఏట చెప్పాడు మా నాయన.
కిటికీ అద్దంలోంచి టార్చి వేసి
వేడి చదవడం నేర్పాడు.
పసుపు తిరిగేదాకా తొంభై ఎనిమిది.
తొందరపడబాక అబ్బయ్యా,
ఆకుక్కూడా ఊపిరాడాల.

ఆ రాత్రే ఇంటికెళ్ళి
నీళ్ళ చెంబు ఆలస్యమైందని
అమ్మను జుట్టు పట్టి గడప దాకా లాగాడు.
నేను బ్యారనీకి తిరిగొచ్చి
టార్చి వేసి చూశాను.
తొంభై ఎనిమిదే ఉంది.

"మగాడికి కోపమొస్తే కళ్ళు కనపడవురా"
అనేది నాయనమ్మ.
చాలాకాలం నమ్మాను.
టంగుటూరు వేలంలో
కొనేవాడు మా బేళ్ళ ముందు నిలబడి
ఆకు రెండువేళ్ళతో నలిపి
"చెత్త" అని పక్క వరసకి పోయిన రోజు
నాయనకు కళ్ళు బాగానే కనపడ్డాయి.
భుజం మీది తువ్వాలు చంకలోకి చేరింది.
"అట్టా అనబాకండయ్యా, ఇంకోసారి చూడండి."
ఎంత మెత్తటి గొంతు!
ఇంట్లో ఆ గొంతు ఒకటుందని
అమ్మకు ఎవరూ చెప్పలేదు.

నాదీ చెప్పాలి.
ప్రమీలను కొట్టింది ఒక్కసారే.
ఒక్కసారే అని నేనంటాను.
తొమ్మిదేళ్ళయింది.
ఇప్పటికీ అటక మీది సంచి కోసం నేను చెయ్యెత్తితే
ముందు ఆమె భుజం పక్కకి జరుగుతుంది,
తర్వాత ఆమె.
ఎన్నిసార్లో ఆ భుజాన్నడగాలి.

మొన్న మాఘంలో, రెండో రాత్రి కాపలా.
జాలయ్య సెల్లు జేబులో పెట్టి లేచాడు.
"నోరు లేస్తంది దానికి.
పొయ్యి రెండు తగిలించొస్తా."
పక్కనున్న ఇద్దరూ నవ్వారు.
నాకు తెలిసిన నవ్వే.
ఎన్నిసార్లు నేనూ నవ్వలేదూ,
ఊరికే,
చుట్టకి అగ్గిపుల్ల అందించినట్టు.

ఈసారి రాలేదు.
ధైర్యమేం కాదు.
ఆ సాయంత్రమే మా ఉదయ్
చెల్లెలి జడ పట్టుకుని
"ఎదురు మాట్లాడతావా" అన్నాడు,
పదేళ్ళ గొంతులో మా నాయన.

"బండి తాళం ఇటియ్యి" అన్నాను.
"నా పెళ్ళాం, నా ఇష్టం."
"వేలంలో చెత్తన్నోడికి
ఎప్పుడన్నా రెండు తగిలించావా జాలయ్యా?"

తిట్టాడు.
నన్ను తిట్టడానికీ మా అమ్మే దొరికింది.
తాళం మాత్రం నా చేతిలో పడింది.
టార్చి అతనికిచ్చాను.
నవ్వినవాళ్ళు దుప్పట్లు ముసుగేశారు.
మూడింటప్పుడు
"తొంభై తొమ్మిది" అన్నాడు, నాకేసి చూడకుండా.
పొయ్యిలోంచి ఒక కట్టె వెనక్కి లాగాను.

తెల్లారాక తాళం తీసుకుని పోయాడు.
ఏం జరిగిందో తెలియదు.
పొద్దెక్కాక వాళ్ళామె ఆకు అల్లడానికొచ్చింది.
ముఖం చూడటానికి నాకు చెల్లలేదు.
కర్ర మీద చేతులు మాత్రం చకచకా కదుల్తున్నాయి.
అదేమీ చెప్పదు.
మా అమ్మ చేతులూ అట్టాగే కదిలేవి.

ఉదయ్‌తో ఇంకా మాట్లాడలేదు.
దారంతా అనుకుంటూనే ఉన్నాను,
తాత సంగతి ముందా, నా సంగతి ముందా.
తాతది తేలిక,
పోయిన మనిషి.
నాదే ముందు చెప్పాలి,
ప్రమీల వింటుండగా.