ఇరవై నాలుగో టికెట్టు

న్యూగ్రేంజ్ దగ్గర వాన
పడీ పడనట్టు, మాట మింగేసిన మనిషిలా.
ఇరవై ముగ్గురం.
ఈ సెమిస్టర్లో ఇది మూడో సమాధి,
కోటలు లెక్కపెట్టడం ఎప్పుడో మానేశాం.
బూట్లు తడిశాయని టెస్సా గొణుగుతోంది.

టికెట్టు ఒకటి మిగిలింది.
"మీరూ రండి లోర్కన్" అన్నాను డ్రైవరుతో.
పందొమ్మిదేళ్లుగా స్టూడెంట్లని తెస్తున్నాడు,
ఒక్కసారీ లోపలికి వెళ్లలేదట.
"రాళ్లేగా, మా పొలంలో కావలసినన్ని" అంటూనే
టోపీ తీసి జేబులో కుక్కుకున్నాడు.

దారి ఇరుకు. భుజం వాల్చాలి, తల వంచాలి,
వీపు సంచిని పసిబిడ్డలా పొట్టకి హత్తుకోవాలి.
పిరమిడ్ల కంటే పాతదని గైడు చెబుతుంటే
ఎవడో ఆవులించాడు.
ఐదువేల ఏళ్లుగా ఈ కప్పు కారలేదట.
"మా ఇల్లు కట్టినవాణ్ణి తీసుకురావాల్సింది" అన్నాడు లోర్కన్.
నవ్వు పైరాళ్లకి తగిలి మెల్లగా దిగింది.

అప్పుడు దీపం ఆర్పారు.
కళ్లు తెరిచినా మూసినా ఒకటే.
నోట్సు రాసుకునే వేళ్లకి పనిలేదు.

కాసేపటికి నేల మీద
సన్నటి పసుపు గీత.
డిసెంబరు సూర్యుడికి బదులు కరెంటు బల్బు.
బల్బని అందరికీ తెలుసు.
అయినా ఎవరూ దగ్గలేదు.

నా పక్కన ముసలాయన వంగి
ఆ వెలుగులో అరచెయ్యి పెట్టాడు,
వేడి ఉందేమో చూస్తున్నట్టు.

బస్సులో మళ్లీ రేడియో, హర్లింగ్ ఆట స్కోరు.
బోయిన్ నది దాటేదాకా
గేరు మార్చాల్సినప్పుడు తప్ప
ఒంటి చేత్తోనే నడిపాడు.
రెండోది తొడ మీద
వెల్లకిలా, తెరిచే ఉంది.